పెర్ల్ ఎస్. బక్ ఎవరి కోసం రాసింది?

మీరు అడిగినదాంట్లో మూడు ప్రశ్నలున్నాయి. పెర్ల్ బక్ నవల ‘ద గుడ్ ఎర్త్’ చదివాక, ఒక అమెరికన్ మహిళ చైనా రైతు మనసును అంత దగ్గరగా ఎలా చూడగలిగిందన్నది మొదటిది. నోబెల్ బహుమతి అందుకున్న రచయిత్రిని సాహిత్య పండితులు ఎందుకు అంతగా పట్టించుకోరన్నది రెండోది. ఇక ఆమె రచనల్లో తరువాత ఏవి చదవాలన్నది మూడోది. అమెరికన్ సాహిత్యాన్ని చాలా ఏళ్లు విద్యార్థులకు బోధించినవాడిగా నాకు తెలిసినంతలో చెబుతాను. నేను ఉద్యోగం చేసినంత కాలం పెర్ల్ బక్ రచన ఒక్కటి కూడా మా పాఠ్యప్రణాళికలో లేదు. కాని చదివి చదివి అట్టలు ఊడిపోతే మళ్లీ బైండు చేయించవలసి వచ్చిన గ్రంథాలయ పుస్తకాల్లో ఆమెది ఎప్పుడూ ఒకటి ఉండేది. ఈ రెండింటికీ కారణం ఒకటేనని నా అభిప్రాయం. అది అర్థం కావాలంటే ఆమె కథ చెప్పడం ఎక్కడ నేర్చుకున్నదో, ఏ అవసరం కొద్దీ రాసిందో ముందు చూడాలి.

పెర్ల్ 1892 జూన్ 26న అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రం హిల్స్‌బరోలో, తల్లి పుట్టింట్లో పుట్టింది. తండ్రి అబ్సలోమ్ సైడెన్‌స్ట్రికర్, తల్లి కేరీ ప్రెస్బిటేరియన్ మిషనరీలు. అప్పటికే చైనాలో కాపురముంటున్న వారు సెలవు మీద స్వదేశానికి వచ్చినప్పుడు ఆమె పుట్టింది. కొన్ని నెలల పసికందుగా ఉండగానే ఆమెను తీసుకుని మళ్లీ చైనా ఓడ ఎక్కారు. ఆ దంపతులకు మొత్తం ఏడుగురు పిల్లలు పుడితే నలుగురు పసితనంలోనే పోయారు, వారిలో ముగ్గురు పెర్ల్ పుట్టకముందే. తండ్రికి సువార్త తప్ప మరో ధ్యాస లేదు. బైబిలు కొత్త నిబంధనను వాడుక చైనీస్‌లోకి అనువదించి అచ్చు వేయించడానికి ఇంటి ఖర్చుల డబ్బు ధారపోసేవాడు. తల్లి పరాయి నేల మీద అమెరికన్ పూలతోట పెంచుకుంటూ, పోయిన బిడ్డలను తలచుకుంటూ బతికింది. ఈ ఇద్దరి మధ్య పెరిగిన పిల్లకు ఇంట్లో దొరకనిది వీధిలో దొరికింది.

యాంగ్‌ట్సీ నది, గ్రాండ్ కెనాల్ కలిసే చోట ఉన్న జెన్‌జియాంగ్ పట్టణంలో ఆమె బాల్యం గడిచింది. ఇంగ్లీషుతో సమానంగా, ఆ మాటకొస్తే కొంత ముందుగానే, చైనీస్ ఆమె నోట పలికింది. పెంచిన ఆయా జానపద కథలు చెప్పేది, చదువు వచ్చిన వంటవాడు పాత చైనా నవలల్లోని ఘట్టాలు వినిపించేవాడు. కుంగ్ అనే వృద్ధ గురువు కన్ఫ్యూషియస్ గ్రంథాలూ చైనీస్ లిపీ నేర్పాడు. ఏడేళ్ల వయసు నుంచి డికెన్స్ నవలలు మళ్లీ మళ్లీ చదివింది. ఊరి బయట పుట్టగానే వదిలించుకున్న ఆడశిశువుల ఎముకలు కుక్కలు లాగి పడేస్తే, ఆ చిన్న ఎముకలను ఏరి పూడ్చిపెట్టేదట. తరువాతి రోజుల్లో విమర్శకులు ఆమెను ‘చైనాను అందంగా అలంకరించి చూపిన రచయిత్రి’ అన్నప్పుడల్లా నాకు ఈ సంగతే గుర్తుకు వస్తుంది.

ఆమెకు ఎనిమిదేళ్లున్నప్పుడు, 1900లో, విదేశీయులను తరిమికొట్టాలని బాక్సర్ల తిరుగుబాటు చెలరేగింది. తల్లి పిల్లలను తీసుకుని షాంఘైకి పారిపోయింది. తండ్రి మాత్రం కదలలేదు. నిన్నటిదాకా తనతో ఆడుకున్నవారికి తాను పరాయిదాన్నని ఆ పిల్లకు మొదటిసారి తెలిసింది. పదేళ్ల తరువాత వర్జీనియాలోని రాండాల్ఫ్-మేకన్ మహిళా కళాశాలలో చేరితే అక్కడ అమెరికన్ అమ్మాయిలకూ ఆమె వింతగానే కనిపించింది. రెండు చోట్లా సగం మనిషిగా ఉండడం ఆమెకు జీవితాంతం తప్పలేదు.

1914లో చదువు పూర్తిచేసి, తల్లికి జబ్బు చేసిందని తిరిగి చైనా వెళ్లింది. 1917లో జాన్ లాసింగ్ బక్ అనే వ్యవసాయ ఆర్థికవేత్తను పెళ్లి చేసుకుంది. ఆ పేరు ఈనాడు చరిత్రకారులకే పరిమితమైనా, చైనా పల్లెల్లో భూమి, దిగుబడి, అప్పు, కౌలు గురించి ఆయన చేసిన సర్వేలను పరిశోధకులు ఇప్పటికీ ఉటంకిస్తారు. దంపతులు మొదట ఉత్తర అన్హుయ్ ప్రాంతంలోని ఒక వెనుకబడిన పట్టణంలో కాపురం పెట్టారు. భర్త పొలాల్లో రైతులను ప్రశ్నలడుగుతుంటే, ఆమె అతనికి దుబాసీగా వెళ్లి, ఆడవారితో వంటిళ్లలో కూర్చుని మాట్లాడేది. ‘ద గుడ్ ఎర్త్’లోని రైతు వాంగ్ లుంగ్ ఆ పల్లెల్లో పుట్టాడు. భర్త లెక్కలు రాసుకున్న చోట భార్య మనుషులను చూసిందన్నమాట. మీ మొదటి ప్రశ్నకు సగం జవాబు ఇదే.

మిగతా సగం ఆమె కూతురు కేరల్. 1920లో ఆ బిడ్డ పుట్టింది. ఆ కాన్పులోనే తల్లి గర్భాశయంలో కణితి బయటపడింది, శస్త్రచికిత్స జరిగింది, ఇక పిల్లలు పుట్టే అవకాశం పోయింది. కేరల్ పాలుగారే ముఖంతో, నీలికళ్లతో అందరూ ముద్దుచేసే పిల్ల. కాని వయసు పెరుగుతున్నా మాటలు రాలేదు, బుద్ధి వికసించలేదు. ఎందరు వైద్యుల చుట్టూ తిరిగినా కారణం ఎవరూ చెప్పలేకపోయారు. ఆ బిడ్డకున్నది ఫినైల్‌కీటోన్యూరియా. శరీరం ఒక అమైనో ఆమ్లాన్ని సరిగా జీర్ణించుకోలేక అది మెదడును దెబ్బతీసే పుట్టుకతో వచ్చే లోపమది. నార్వే వైద్యుడు ఫెలింగ్ ఈ వ్యాధిని గుర్తించింది 1934లో. పసితనం నుంచే ప్రత్యేక ఆహారం ఇస్తే మెదడును కాపాడవచ్చని తేలింది 1950లలో. ఈ రోజు అనేక దేశాల్లో పుట్టిన కొద్ది రోజులకే మడమ మీద గుచ్చి తీసిన రక్తపు చుక్కతో ఈ లోపాన్ని కనిపెడుతున్నారు. కేరల్ ఒక తరం ముందు పుట్టింది, అంతే.

1925లో భార్యాభర్తలు జానిస్ అనే పాపను దత్తత తీసుకున్నారు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పెర్ల్ ఎం.ఏ. చేసి నాన్‌జింగ్‌కు తిరిగి వచ్చింది. 1927 మార్చిలో జాతీయవాద సైన్యాలు నాన్‌జింగ్‌లో ప్రవేశించిన రోజు విదేశీయుల ఇళ్లపై దాడులు జరిగాయి. పెర్ల్ ఒకప్పుడు ఆదుకున్న ఒక పేద చైనా స్త్రీ తన గుడిసెలో బక్ కుటుంబాన్నంతటినీ దాచిపెట్టింది. వారు అమెరికన్ నౌకల్లో బయటపడి జపాన్ చేరుకుని దాదాపు ఏడాది తలదాచుకున్నారు. ఇల్లు దోపిడీ అయింది, అప్పటికే రాసిన ఒక నవల రాతప్రతి పోయింది. ఆ తరువాత 1929లో కేరల్‌ను న్యూజెర్సీలోని వైన్‌లాండ్ శిక్షణ పాఠశాలలో చేర్చింది. అక్కడి ఖర్చు ఒక మిషనరీ జీతంతో భరించగలిగింది కాదు. అప్పు చేసి మొదటి విడత కట్టింది. తన తదనంతరం కూడా బిడ్డను ఎవరో ఒకరు చూసుకోవాలంటే డబ్బు కావాలి, ఆమె చేతిలో ఉన్న విద్య రాయడం ఒక్కటే.

ఇదంతా ఇంత వివరంగా చెప్పడానికి కారణముంది. ‘ద గుడ్ ఎర్త్’లో వాంగ్ లుంగ్, అతని భార్య ఓ-లాన్‌ల పెద్దకూతురు గుర్తుందా? కరువులో తిండిలేక చిక్కి, మాటలు రాక, గుడ్డ పీలిక మెలితిప్పుకుంటూ ఎండలో కూర్చుని నవ్వే అమాయకపు పిల్ల. పేరు కూడా లేని ఆ పిల్లను తండ్రి ‘నా పిచ్చితల్లి’ అన్న ధోరణిలో పిలుస్తుంటాడు. డబ్బు వచ్చాక మారిపోయి, భార్యను నొప్పించి, కొడుకులకు దూరమైన ఆ మనిషి ఈ బిడ్డ విషయంలో మాత్రం చివరిదాకా మారడు. తాను పోయాక దీనికి అన్నం ఎవరు పెడతారన్న బెంగ అతన్ని వదలదు. ఆ బెంగ ఎవరిదో అప్పట్లో పాఠకులకు తెలియదు. కేరల్ గురించి పెర్ల్ బక్ నోరు విప్పి చెప్పింది దాదాపు ఇరవై ఏళ్ల తరువాత, 1950లో, ‘ద చైల్డ్ హూ నెవర్ గ్రూ’ అన్న చిన్న పుస్తకంలో. అలాంటి బిడ్డలను కన్న తల్లిదండ్రులు సిగ్గుతో దాచిపెట్టుకునే రోజులవి. ఆమె మొత్తం రచనల్లో ఇంత నిరాడంబరమైన వచనం మరొకటి లేదని నేనంటాను.

రచయిత్రిగా ఆమె మొదటి నవల ‘ఈస్ట్ విండ్: వెస్ట్ విండ్’ను చాలామంది ప్రచురణకర్తలు కాదన్నాక, 1930లో జాన్ డే అనే చిన్న న్యూయార్క్ సంస్థ వేసింది. రెండో నవలను నాన్‌జింగ్ ఇంటి అటకగదిలో కూర్చుని సుమారు మూడు నెలల్లో టైపు చేసింది. ఆమె పెట్టిన పేరు ‘వాంగ్ లుంగ్’. ఆ పేరు అమెరికన్ చెవులకు బాగుండదని సంస్థ అధిపతి రిచర్డ్ వాల్ష్ మార్పించాడు. 1931 మార్చి 2న ‘ద గుడ్ ఎర్త్’ విడుదలైంది. సభ్యులకు పుస్తకాలు ఎంచి పంపే బుక్ ఆఫ్ ద మంత్ క్లబ్ దాన్ని ఎంపిక చేసింది. 1931లోనూ 1932లోనూ, వరుసగా రెండేళ్లు, అమెరికాలో అత్యధికంగా అమ్ముడైన నవల అదే. 1932లో పులిట్జర్ బహుమతి వచ్చింది.

అంత ఆదరణ ఎందుకన్నదానికి కాలం కొంత కారణం. మహామాంద్యంలో బ్యాంకులు మూతపడి, సొంత పొలాలు వేలానికి పోతున్న అమెరికన్లు, ఎంత కరువు వచ్చినా భూమి అమ్మనని మొండికేసిన ఒక రైతు కథ చదివారు. 1931 సెప్టెంబరులో జపాన్ మంచూరియాను ఆక్రమించడంతో చైనా పేరు రోజూ పత్రికల్లోకి ఎక్కింది. అయితే కాలం కలిసివచ్చిన పుస్తకాలు కాలంతోపాటే పోతాయి. ఇది పోలేదంటే కథ చెప్పిన తీరులోనే బలముంది. దివాణంలో బానిసగా పెరిగిన ఓ-లాన్‌ను పెళ్లి చేసుకుని తెచ్చుకోవడంతో మొదలై, అదే దివాణాన్ని వాంగ్ లుంగ్ సొంతం చేసుకుని అందులో కాపురం పెట్టడం దాకా సాగిన కథ నిజానికి ఒక పెద్ద చక్రం. కష్టం మీద లేచిన ఇల్లు, సుఖం మరిగి కూలడానికి సిద్ధమయ్యేదాకా ఆ చక్రం తిరుగుతుంది.

ఓ-లాన్ దగ్గర ఉంచుకున్న రెండు ముత్యాల ఘట్టాన్ని మీరు మళ్లీ ఒకసారి చదవాలి. దోపిడీ గుంపులో దొరికిన నగలన్నీ భర్తకు ఇచ్చేస్తూ ఆమె అడిగింది రెండు చిన్న ముత్యాలు మాత్రమే, వేసుకోవడానికి కూడా కాదు, ఊరికే దగ్గర ఉంచుకోవడానికి. కొన్నేళ్లకు వాంగ్ లుంగ్ టీదుకాణంలోని లోటస్ మోజులో పడి, ఆమెకు ఇవ్వడానికి ఆ ముత్యాలు తెమ్మంటాడు. ఓ-లాన్ బట్టలు ఉతుకుతూ ఉంటుంది. తడి చేతిని రొమ్ములోకి పోనిచ్చి చిన్న మూట తీసి ఇస్తుంది. మళ్లీ ఉతకడం మొదలుపెడుతుంది. కళ్ల నుంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తదు, రాతిమీది బట్టలను మరింత గట్టిగా బాదుతుంది. రచయిత్రి ఇక్కడ ఒక్క వ్యాఖ్య చేయదు. తీర్పు చెప్పకుండా చేతి పనిని మాత్రమే చూపించి వదిలేయడం తేలికైన విద్య కాదు. ఆమెను ‘సులువైన రచయిత్రి’ అని కొట్టిపారేసే విద్యార్థులకు నేను చదివి వినిపించేది ఈ పుటే.

ఈ పద్ధతి ఆమెకు పాశ్చాత్య నవల నుంచి రాలేదు. ఆ మాట ఆమే చెప్పింది. 1938లో స్టాక్‌హోమ్‌లో నోబెల్ ప్రసంగానికి ఆమె ఎంచుకున్న విషయం చైనా నవల. కథ చెప్పడం, రాయడం తనకు చైనాలోనే తెలిసిందని, తన ప్రయత్నాలను మలిచింది అమెరికన్ నవల కాదు, చైనా నవల అని నిస్సంకోచంగా ప్రకటించింది. చైనాలో పండితులు నవలను సాహిత్యంగా లెక్కచేయలేదనీ, అంగళ్లలో, టీదుకాణాల్లో జనాన్ని కూడగట్టి కథలు చెప్పుకునేవారి నోటి నుంచి అది పుట్టిందనీ వివరించింది. సామాన్యులు లక్షల సంఖ్యలో పత్రికలు చదువుతుంటే, కొద్దిమంది చదివే పత్రికల్లో కన్నా తన కథలు అక్కడ ఉండడమే తనకు ఇష్టమని చెప్పింది. ఆమె మాటలు గాలివాటు మాటలు కావు. ‘షుయిహు జువాన్’ అనే ప్రాచీన నవలను, ఒక చైనా పండితుని సాయంతో నాలుగేళ్లకు పైగా శ్రమించి, ‘ఆల్ మెన్ ఆర్ బ్రదర్స్’ పేరుతో 1933లో ఇంగ్లీషులోకి తెచ్చింది. బుర్రకథ, హరికథ వింటూ పెరిగిన మనకు ఆ వరస కొత్త కాదు. పాత్ర మనసులోకి దూరి విశ్లేషించదు, ఏం జరిగిందో చెబుతుంది, ఆపై ఏం జరిగిందో చెబుతుంది, వాక్యం వెనుక వాక్యం అలలాగా వస్తుంది. ఆ ఇంగ్లీషులో బైబిలు లయ కూడా ఉంది. అది తండ్రి ఇంటి నుంచి వచ్చిన వాటా.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. నోబెల్ కమిటీ చైనా రైతు జీవితపు ఇతిహాస స్థాయి చిత్రణతోపాటు ఆమె రాసిన జీవితచరిత్రలను కూడా పేర్కొంటూ బహుమతి ఇచ్చింది. సాహిత్యంలో నోబెల్ అందుకున్న తొలి అమెరికన్ మహిళ ఆమె. ఆ తరువాత మరో అమెరికన్ మహిళ, టోనీ మారిసన్, అందుకోవడానికి 1993 దాకా పట్టింది. 1938లో బహుమతి అందుకునేనాటికి పెర్ల్ వయసు 46 ఏళ్లు, నవలా రచయితగా పేరు వచ్చి ఎనిమిదేళ్లయినా కాలేదు. బహుమతి అమెరికన్ నవలాకారుడు థియోడర్ డ్రైసర్‌కు రావలసిందని ఆమే అంది. అమెరికన్ సాహిత్య ప్రముఖుల్లో చాలామంది అంతకంటే కటువుగా అన్నారు. మొదటిసారి ప్రతిపాదనకు వచ్చిన ఏడాదే ఎవరికీ బహుమతి ఇవ్వకూడదని స్వీడిష్ అకాడమీ పాటించిన అలిఖిత నియమానికి ఆమె పేరే ముడిపెట్టారు.

ఆ కటుత్వంలో అసూయ కొంత, పురుషాహంకారం కొంత ఉన్నాయి. కాని అంతకు మించినది కూడా ఉందని ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో విమర్శకులు గౌరవించింది జాయిస్, ఫాక్‌నర్ వంటివారి ఆధునికతను, అంటే భాషను విరిచి, కాలాన్ని కలగాపులగం చేసి, పాఠకుడి చేత శ్రమ చేయించే రచనను. పామరులు గుమిగూడి వినాలన్న కోరికతో రాసిన రచన వారికి పాతబడిన సరుకుగా కనిపించింది. పండితులు నవలను పట్టించుకోరని చైనా గురించి ఆమె స్టాక్‌హోమ్‌లో చెప్పినదే అమెరికాలో ఆమెకు జరిగింది.

ఆమె వైపు తప్పు లేదనడం కూడా సరికాదు. 1934లో చైనా విడిచివచ్చి, మరుసటి ఏడాది విడాకులు పుచ్చుకున్న రోజునే రిచర్డ్ వాల్ష్‌ను పెళ్లాడి, పెన్సిల్వేనియాలోని బక్స్ కౌంటీలో గ్రీన్ హిల్స్ ఫారం అనే పొలం కొనుక్కుంది. మరింతమందిని దత్తత తీసుకుంది. జానిస్‌తో కలిపి ఆమె పెంచుకున్న పిల్లలు ఏడుగురు. కేరల్ సంరక్షణ, ఈ పిల్లలు, పెద్ద ఇల్లు, చేపట్టిన సేవాకార్యక్రమాలు అన్నీ ఆమె కలం మీదే నడిచాయి. ఏడాదికి ఒకటి, కొన్నేళ్లు రెండు మూడు పుస్తకాలు. మొత్తం డెబ్బైకి పైగా పుస్తకాలు వచ్చాయి. మొదట భర్తే సంపాదకుడు, భర్తే ప్రచురణకర్త కావడంతో ‘ఇది మళ్లీ రాయి’ అని గట్టిగా చెప్పేవారు లేకపోయారని నాకనిపిస్తుంది. తరువాతి నవలల్లో పాత్రలు సిద్ధాంతాలు మాట్లాడతాయి, ముగింపులు తొందరగా ముడిపడతాయి. చైనా రచయిత్రి అన్న ముద్ర నుంచి బయటపడాలని జాన్ సెడ్జెస్ అనే మగ పేరుతో అమెరికా నేపథ్యంలో ఐదు నవలలు కూడా రాసింది. వాటిలో 1945 నాటి ‘ద టౌన్స్‌మన్’ బాగా అమ్ముడైంది. కాని పేరు మార్చుకోవడంవల్ల విమర్శకుల మనసు మారలేదు.

చైనావారి అభ్యంతరాలు వేరే రకం. 1933లోనే కియాంగ్ కాంగ్-హు అనే పండితుడు న్యూయార్క్ టైమ్స్‌లో రాస్తూ, ఆమె చూపినది అట్టడుగు జనాన్నే కాని చైనాను కాదని విమర్శించాడు. దేశంలో అత్యధికులు ఆ జనమే అయినప్పుడు వారు చైనాకు ప్రతినిధులు కారని ఎలా అంటారని ఆమె ఎదురు ప్రశ్న వేసింది. ఈ వాదంలో నేను ఆమె పక్షమే. మరో చిత్రం చూడండి. 1937లో ఎంజీఎం సంస్థ ‘ద గుడ్ ఎర్త్’ను సినిమాగా తీసినప్పుడు వాంగ్ లుంగ్‌గా పాల్ మూనీ, ఓ-లాన్‌గా లూయిస్ రైనర్ నటించారు. ఇద్దరూ శ్వేతజాతివారే. అప్పటికే పేరున్న చైనీస్-అమెరికన్ నటి అన్నా మే వాంగ్‌కు ఓ-లాన్ పాత్ర దక్కలేదు. తెరమీద జాత్యంతర దాంపత్యం కనిపించకూడదన్న నాటి సెన్సారు నియమావళి ఉండగా, భర్త పాత్ర శ్వేతజాతి నటుడికి ఇచ్చాక ఆమెకు అవకాశమే లేకపోయింది. రైనర్‌కు మాత్రం ఆస్కార్ వచ్చింది.

ఆమె మాటతీరు కూడా పెద్దలకు ఇబ్బందిగానే ఉండేది. 1932 నవంబరులో న్యూయార్క్‌లోని ఆస్టర్ హోటల్లో ప్రెస్బిటేరియన్ మహిళల సమావేశంలో, విదేశీ మిషన్లు అవసరమా అన్న ప్రశ్న తీసుకుని, తాను చూసిన చాలామంది మిషనరీలు సంకుచితులు, స్థానికుల నాగరికత విలువ తెలియనివారు అని మొహమాటం లేకుండా చెప్పింది. ఛాందసులు మండిపడ్డారు. 1933లో ఆమె మిషన్ బోర్డుకు రాజీనామా చేసింది. చైనీయుల వలసను 1882 నుంచి నిషేధించిన చట్టాన్ని రద్దు చేయించాలన్న ఉద్యమంలో భార్యాభర్తలిద్దరూ ముందున్నారు. 1943లో రద్దయితే అయింది కాని, ఏటా అనుమతించింది 105 మందినే. భారత స్వాతంత్ర్యానికి మద్దతుగా ఇండియా లీగ్ ఆఫ్ అమెరికా తరఫున ఆమె గొంతు వినిపించింది. వాల్ష్ సంస్థ జాన్ డే, నెహ్రూ పుస్తకాలను అమెరికాలో ప్రచురించింది, వాటిలో ‘ద డిస్కవరీ ఆఫ్ ఇండియా’ ఒకటి. నల్లజాతివారి హక్కుల గురించి మాట్లాడినందుకు, రాసినందుకు ఎఫ్‌బీఐ ఆమె మీద ఫైలు తెరిచింది.

భారతదేశంతో మరో సంబంధం, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, 1949లో ఏర్పడింది. తండ్రి భారతీయుడు, తల్లి శ్వేతజాతి అమెరికన్ అయిన ఏడాదిన్నర లోపు పిల్లవాడిని దత్తతకు ఇవ్వలేమని సంస్థలు చేతులెత్తేసి ఆమెకు రాశాయి. రంగు కలిసే తల్లిదండ్రులకే బిడ్డను ఇవ్వాలన్నది అప్పటి పద్ధతి. కోపంతో ఆమె ‘వెల్కమ్ హౌస్’ అనే సొంత దత్తత సంస్థనే ప్రారంభించింది. జాతుల హద్దులు దాటి, దేశాల హద్దులు దాటి దత్తత ఏర్పాటు చేసిన తొలి అమెరికన్ సంస్థగా దాన్ని చెబుతారు. పొరుగున ఉండే రచయిత జేమ్స్ మిచెనర్, గీత రచయిత ఆస్కార్ హామర్‌స్టీన్ తోడు నిలిచారు. ఆసియాలో అమెరికన్ సైనికులకు పుట్టి, తండ్రి గుర్తింపు లేక, తల్లి సమాజం ఆదరణ లేక మిగిలిపోయిన పిల్లల కోసం 1964లో మరో ఫౌండేషన్ నెలకొల్పింది. వారికి ‘అమెరేషియన్లు’ అన్న పేరు వాడుకలోకి తెచ్చిందీ ఆమే.

ఒక చిన్న పక్కదారి. దేవ్ ఆనంద్ నిర్మించిన ‘గైడ్’ సినిమా హిందీలోది మీరు చూసే ఉంటారు. దానికి ఇంగ్లీషులో వేరుగా తీసిన రూపం ఒకటుంది. ఆర్.కె. నారాయణ్ నవల ఆధారంగా దాని చిత్రానువాదంలో చేయి వేసింది పెర్ల్ బక్, దర్శకుడు టాడ్ డానియెలెవ్‌స్కీ. అది ఆడలేదు. తన మాల్గుడిని ఎక్కడికో తీసుకుపోయారని నారాయణ్ తరువాత ఎంతో చమత్కారంగా వాపోయాడు.

ఆమె చివరి కోరిక తీరలేదు. 1972లో నిక్సన్ చైనా పర్యటన తరువాత, తాను పెరిగిన ఊళ్లనూ తల్లి సమాధినీ చూడాలని వీసాకు దరఖాస్తు చేసింది. ఆమె రచనలు చైనా ప్రజలనూ నాయకులనూ వక్రీకరించి, దూషించాయంటూ చైనా రాయబార కార్యాలయం తిరస్కరించింది. 1973 మార్చి 6న వెర్మాంట్ రాష్ట్రం డాన్‌బీలో, 80వ ఏట, ఆమె చనిపోయింది. గ్రీన్ హిల్స్ ఫారంలో ఉన్న సమాధి రాతి మీద ఇంగ్లీషు అక్షరం ఒక్కటి లేదు, మూడు చైనీస్ లిపి సంకేతాల్లో ఆమె చైనా పేరు ‘సాయ్ జెన్‌జు’ మాత్రమే ఉంది. ‘జెన్‌జు’ అంటే ముత్యం. ఆమెను రానివ్వని ప్రభుత్వమే తరువాతి దశాబ్దాల్లో మనసు మార్చుకుంది. నాన్‌జింగ్‌లో ఆమె ఇల్లు, అటకగదితో సహా, ఇప్పుడు స్మారక భవనం.

ఇక మూడో ప్రశ్న. చాలామంది ‘ద గుడ్ ఎర్త్’ త్రయంలోని మిగతా రెండు నవలలు, ‘సన్స్’, ‘ఎ హౌస్ డివైడెడ్’, వెంటనే చదవడానికి పూనుకుని విసుగు చెందుతారు. అవి తరువాత చదవవచ్చు. ముందు 1936లో వచ్చిన జీవితచరిత్రలు రెండూ చదవండి. తల్లి గురించి ‘ది ఎగ్జైల్’, తండ్రి గురించి ‘ఫైటింగ్ ఏంజెల్’. నోబెల్ కమిటీ ప్రత్యేకంగా మెచ్చుకున్న ఈ జంటలో ‘ఫైటింగ్ ఏంజెల్’ ఆమె రచనలన్నిటిలో అగ్రస్థానంలో ఉండదగినదని నా నమ్మకం. తాను ప్రేమించలేకపోయిన తండ్రిని, అతని పట్టుదలనూ క్రౌర్యాన్నీ ఒకే చూపుతో చూసి, ఎక్కడా గొంతు పెంచకుండా రాసింది. ఆ తరువాత 1934 నాటి చిన్న నవల ‘ద మదర్’. అందులో పాత్రలకు పేర్లే ఉండవు, భర్త వదిలివెళ్లిన ఒక పల్లెటూరి తల్లి కథ. దాని తరువాత ‘పెవిలియన్ ఆఫ్ విమెన్’. నలభయ్యో పుట్టినరోజున భర్తకు రెండో భార్యను తెచ్చి తాను వేరే ప్రాంగణంలోకి మారిపోయే ఇల్లాలి కథ అది. ప్రారంభం అద్భుతం, రెండో సగంలో ఉపదేశం పెరుగుతుంది, అది సహించి చదవాలి. భారతదేశ నేపథ్యంలో రాసిన ‘కమ్, మై బిలవ్డ్’, ‘మండాలా’ కుతూహలం కొద్దీ చదవదగినవే కాని, చైనా పల్లె ఆమెకు తెలిసినట్టు మన దేశం ఆమెకు తెలియదు. పేజీ తిప్పిన కొద్దీ ఆ తేడా మీకే కనిపిస్తుంది. ఆత్మకథ ‘మై సెవరల్ వరల్డ్స్’ను చివరికి ఉంచుకోండి. నవలల్లో చూసిన వంటిళ్లు, పొలాలు, టీదుకాణాలు ఏ ఊరివో అందులో ఒక్కొక్కటిగా తగులుతాయి.